మృత్యుంజయుడు ఎవరు? బీరేన్ భట్టాచార్య రెండు నవలలు, ఒక తుపాకీ

పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు ఈ వరస గుర్తుండే ఉంటుంది: "1979 – బీరేంద్ర కుమార్ భట్టాచార్య – మృత్యుంజయ్ – అస్సామీ". జ్ఞానపీఠ్ పట్టికలో ఒక గడి అది. బట్టీ పడతాం, బిట్టు కరెక్టు చేస్తాం, ఫలితాలు వచ్చేలోగా మర్చిపోతాం.

ఆ ఒక్క గడిలో మూడు చిక్కులున్నాయి. భట్టాచార్య అనగానే బెంగాలీ అనుకుంటాం. మృత్యుంజయ్ అనగానే కర్ణుడి మీద వచ్చిన నవల గుర్తొస్తుంది. ఇంతకీ ఈ నవల దేని గురించి అని ఎవరైనా అడిగితే "క్విట్ ఇండియా ఉద్యమం, దేశభక్తి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం. మొదటి రెండూ చిన్న పొరపాట్లు, నిమిషంలో సరిదిద్దుకోవచ్చు. మూడోది అలాంటిది కాదు. అది తప్పని చెప్పలేం, కానీ సగమే నిజం. మిగతా సగం ఆయన అంతకు పదేళ్ల ముందు రాసిన ఇంకో నవలలో ఉంది.

ముందు చిన్నవి తేల్చేద్దాం. కర్ణుడి కథగా దేశమంతా పేరు తెచ్చుకున్న నవల మరాఠీది, 1967లో శివాజీ సావంత్ రాశారు. దానికి 1994లో మూర్తిదేవి పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం ఇచ్చేది కూడా భారతీయ జ్ఞానపీఠ్ సంస్థే కాబట్టి రెండూ కలగలిసిపోతాయి. మనం చెప్పుకుంటున్నది 1970లో వచ్చిన అస్సామీ నవల. అప్పట్లో జ్ఞానపీఠ్‌ను ఒక ఫలానా పుస్తకానికి ఇచ్చేవారు. రచయిత మొత్తం కృషికి ఇవ్వడం 1982 నుంచి మొదలైంది. ఆ గడిలో మనిషి పేరు పక్కన పుస్తకం పేరు ఉండటానికి కారణం అదే. అస్సామీకి అదే తొలి జ్ఞానపీఠ్. తర్వాత 2000 సంవత్సరానికి ఇందిరా గోస్వామికి, 2020కి నీలమణి ఫూకన్‌కు వచ్చాయి. మొత్తం ముగ్గురు. మనకూ ముగ్గురే: విశ్వనాథ, సినారె, రావూరి.

బెంగాలీ పక్కన బతకాల్సి వచ్చిన భాష

భట్టాచార్య అనేది ఇంటిపేరు, దాన్ని బట్టి భాష చెప్పలేం. బెంగాలీలోనూ ఉంది, అస్సామీలోనూ ఉంది. పలకడమే వేరు. అస్సామీలో 'చ'ను 'స'లా పలుకుతారు. 'స, శ, ష' మూడూ చాలా చోట్ల గొంతులోంచి వచ్చే 'ఖ', 'హ'ల మధ్య శబ్దంగా మారిపోతాయి. అసమ్ అని రాసినది దాదాపు 'ఒఖొమ్' అని వినిపిస్తుంది. లిపి మాత్రం ఒకటి రెండు అక్షరాల తేడాతో బెంగాలీ లిపే.

ఈ పోలిక అస్సామీ భాషకు ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది. 1826లో యాండబూ సంధితో అస్సాం బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే, 1836లో, కోర్టుల్లోనూ బడుల్లోనూ బెంగాలీని పెట్టారు. అస్సామీ అంటే బెంగాలీకి ఒక యాస అన్న వాదన అందుకు పనికొచ్చింది. మళ్లీ అస్సామీకి చోటు దక్కింది 1873లో. అంటే 37 ఏళ్లు. ఒక తరం బడికి వెళ్లి, సొంత భాషలో అక్షరం దిద్దకుండానే పెద్దదైపోయింది.

2024 అక్టోబరులో కేంద్రం అస్సామీకి ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు అక్కడి వాళ్లు అంతగా సంబరపడటం మనకు కొంచెం ఎక్కువ అనిపించి ఉండొచ్చు. తెలుగుకు 2008లోనే వచ్చింది కదా, దాంతో ఏం ఒరిగింది అని. కానీ "మీదసలు భాషే కాదు" అని ప్రభుత్వ కాగితం మీద అనిపించుకున్న చరిత్ర తెలుగుకు లేదు. పైగా ఆ హోదా బెంగాలీకి కూడా అదే రోజున, అదే నిర్ణయంలో వచ్చింది. ఇద్దరినీ పక్కపక్కన, వేరువేరుగా నిలబెట్టారన్నమాట. అది చిన్న సంగతి కాదు.

యుగాలకు పత్రికల పేర్లు ఎందుకు?

మన సాహిత్య చరిత్రలో యుగాలను కవిత్వ ధోరణిని బట్టి పిలుస్తాం: భావకవిత్వం, అభ్యుదయం, దిగంబరం, విప్లవం. అస్సామీ వాళ్లు పత్రిక పేరుతో పిలుస్తారు. ఇది కొత్తగా వినేవాళ్లను తికమక పెడుతుంది.

1846లో శివసాగర్‌లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 'అరుణోదయ్' మొదలుపెట్టారు. బడుల్లో, కోర్టుల్లో అస్సామీ లేని రోజులవి. ఆ పత్రికలోనే భాష నిలబడింది కాబట్టి అది అరుణోదయ్ యుగం. 1889లో కలకత్తాలో చదువుకుంటున్న అస్సామీ కుర్రాళ్లు 'జోనాకీ' తెచ్చారు. వెన్నెల అని అర్థం. కాల్పనిక కవిత్వం దానితో వచ్చింది, అది జోనాకీ యుగం. 1929లో 'ఆవాహన్'. ఇక రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చినది 'రామధేను'.

రామధేను అంటే ఇంద్రధనుస్సు. మనం ఇంద్రుడి విల్లు అన్నదాన్ని వాళ్లు రాముడి విల్లు అన్నారు.

యుగాలకు పత్రికల పేర్లు రావడానికి కారణం వెతికితే సాహిత్యం కన్నా వసతుల దగ్గర దొరుకుతుంది. అస్సాంలో విశ్వవిద్యాలయం వచ్చిందే 1948లో. పెద్ద ప్రచురణ సంస్థలు లేవు. కథ రాసినా కవిత రాసినా అచ్చయ్యే చోటు పత్రికే. ఏది కొత్త, ఏది పాత అని తేల్చేదీ పత్రికే. అందుకని సంపాదకుడి కుర్చీలో కూర్చున్న మనిషి అభిరుచి మొత్తం తరం అభిరుచిగా మారేది. మనకు భారతి, కృష్ణా పత్రిక అంత పని చేశాయి కానీ వాటి పేరుతో యుగాన్ని పిలిచే అవసరం రాలేదు. మద్రాసులో, బెజవాడలో, రాజమండ్రిలో వేరే వేదికలూ ఉన్నాయి.

1950ల మొదట్లో రామధేను సంపాదకత్వం బీరేన్ భట్టాచార్య చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. దాదాపు దశాబ్దం పాటు ఆ పత్రిక ఆయనది. భవేంద్రనాథ్ సైకియా, హోమెన్ బర్గోహైన్, లక్ష్మీనందన్ బోరా లాంటి వాళ్లు ఆ పేజీల్లో పైకి వచ్చారు. సౌరభ్ కుమార్ చలిహా సంగతి మరీ చిత్రం. రామధేను కథల పోటీలో గెలిచిన ఆయన కథ పేరు 'అశాంత ఎలక్ట్రాన్'. ఆ చలిహా ఎవరో పాఠకులకు చాలా ఏళ్లు తెలియలేదు. అది మారుపేరు, వెనక ఉన్నది భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. కథ పేరులో ఎలక్ట్రాన్‌ను చూసి పక్కన పెట్టేసే సంపాదకులు ఆ రోజుల్లో ఏ భాషలోనైనా ఉండేవారు. రామధేనులో దానికి బహుమతి దక్కింది.

భట్టాచార్యను నవలాకారుడు, పాత్రికేయుడు అని పరిచయం చేస్తుంటారు. ఆ రెండో మాటకు వార్తలు రాయడం అని మాత్రమే అర్థం చెప్పుకుంటే పొరపాటు. పత్రికల్లో పనిచేశారు, తర్వాత గువాహటి విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధించారు కూడా. కానీ ఆయన పాత్రికేయంలో ఎక్కువ బరువు ఎదుటివాళ్ల రాత ఎంచడంలో ఉంది. ఇంకొక బరువు, ఎక్కడో జరుగుతున్నదాన్ని వెళ్లి చూడటంలో.

ఉఖ్రుల్‌కు వెళ్లిన పంతులు

1924 అక్టోబరు 14న ఎగువ అస్సాంలోని సఫ్రాయ్ టీ తోటలో పుట్టారు. జోర్హాట్‌లో బడి, గువాహటి కాటన్ కాలేజీలో సైన్సు చదువు. సోషలిస్టు ఉద్యమం వైపు, ముఖ్యంగా లోహియా ఆలోచనల వైపు మొగ్గు. ఇంతవరకూ ఆ తరం చదువుకున్న కుర్రాళ్లలో చాలామంది కథ ఇదే.

తేడా వచ్చింది ఉఖ్రుల్‌లో. మణిపూర్ కొండల్లో, బర్మా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు అది. తాంగ్‌ఖుల్ నాగాల ముఖ్య పట్టణం. అక్కడి క్రైస్తవ హైస్కూల్లో ఆయన టీచరుగా పనిచేశారు. అస్సాం మైదానంలోని బ్రాహ్మణ కుటుంబం నుంచి వెళ్లిన యువకుడికి తిండి, ప్రార్థన, భాష అన్నీ కొత్తే. అంతకు కొద్ది ఏళ్ల ముందే, 1944లో, జపాను సైన్యం ఇంఫాల్, కోహిమాల మీదికి వస్తూ ఉఖ్రుల్ మీదుగానే దిగింది. యుద్ధం ఎవరిదో ఆ ఊళ్లకు తెలియదు. ఇళ్లు కాలింది మాత్రం వాళ్లవి.

ఇంకో కథ కూడా మొదలైపోయింది. 1946లో నాగా నేషనల్ కౌన్సిల్ ఏర్పడింది. 1951 మేలో అంగామి జాపు ఫిజో నాయకత్వంలో నాగాలు స్వాతంత్ర్యం మీద సొంతంగా అభిప్రాయ సేకరణ జరుపుకున్నారు, దాన్ని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1956లో సైన్యం దిగింది. 1958లో సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టం వచ్చింది. ఈశాన్యంలో ఏ వార్త వచ్చినా ఇవాళ్టికీ వినిపించే ఆ చట్టం పుట్టుక అక్కడే.

అది వచ్చిన రెండేళ్లకు, 1960లో, భట్టాచార్య నాగాల మీద నవల అచ్చు వేశారు.

'ఇయారుఇంగం': పేరులోనే వాదం

నవల అస్సామీలో ఉంది, పేరు మాత్రం తాంగ్‌ఖుల్ మాట. ఇయారుఇంగం అంటే ప్రజల పాలన. అస్సామీ పాఠకుడికి అర్థం కాని పేరును అస్సామీ పుస్తకం అట్ట మీద వేయడం అనుకోకుండా జరిగే పని కాదు.

కథ యుద్ధం ముగిసిన రోజుల్లో మొదలవుతుంది. షరెంగ్లా అనే యువతి యుద్ధకాలంలో ఒక జపాను సైనికుడితో కలిసి బతకాల్సి వచ్చింది. అతను వెళ్లిపోయాడు. ఊరు ఆమెను వెలివేసినట్టు చూస్తుంది. రిషాంగ్ చదువుకున్న కుర్రాడు. గాంధీ మార్గం తమ కొండలకూ పనికొస్తుందని నమ్ముతాడు. విదేశెల్లీ ఆయుధం పట్టి స్వతంత్ర నాగాలాండ్ తేవాలంటాడు. అతనిలో ఫిజో నీడ ఉందని విమర్శకులు చెబుతుంటారు.

గమనించాల్సింది, విదేశెల్లీ దుర్మార్గుడు కాడు. రచయిత మొగ్గు రిషాంగ్ వైపే, అందులో దాపరికం లేదు. అయినా ఎదుటివాడి వాదాన్ని గడ్డి బొమ్మగా చేసి తగలబెట్టలేదు. బయట సైన్యానికీ తిరుగుబాటుదార్లకూ మధ్య కాల్పులు జరుగుతున్న రోజుల్లో ఇది రాశారని గుర్తుంచుకోవాలి. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఇవ్వడం ఇంకా ఆశ్చర్యం. నాగాలాండ్ రాష్ట్రం 1963 డిసెంబరు 1న గానీ రాలేదు. ఉఖ్రుల్ అందులో చేరనే లేదు, ఇప్పటికీ మణిపూర్‌లోనే ఉంది.

ఈ నవల మీద రెండు రకాల చదువులున్నాయి.

మొదటిది మెచ్చుకునేది. అప్పటిదాకా మైదానం వాళ్ల రాతల్లో కొండవాళ్లు ఈకల కిరీటాలుగా, తలలు నరికే కథలుగా ఉండేవారు. ఇక్కడ వాళ్లు వాదించుకుంటారు, ప్రేమించుకుంటారు, రాజకీయాల గురించి తప్పుగానో ఒప్పుగానో సొంతంగా ఆలోచిస్తారు. ఒక అస్సామీ పాఠకుడికి నాగా మనిషి మొదటిసారి తనలాంటి మనిషిగా కనిపించాడు.

రెండోది నిలదీసేది. రిషాంగ్ నోట వినిపించే అహింస ఎవరిది? తాంగ్‌ఖుల్ కుర్రాడిదా, గాంధీనీ లోహియానీ చదువుకున్న అస్సామీ రచయితదా? నవలలో వాదం ఎటు తేలాలో ముందే నిర్ణయమైపోయి, ఆ తర్వాత పాత్రలు మాట్లాడాయా? నాగాలు తమ కథ తాము చెప్పుకోవడం మొదలుపెట్టాక ఈ ప్రశ్న పదునెక్కింది. తెంసులా ఆవో, ఈస్టరిన్ కిరే లాంటి రచయిత్రులు ఇంగ్లీషులో రాశారు. వాళ్ల కథల్లో ఊళ్లో దిగిన సైన్యం, అడవిలోకి వెళ్లిన కొడుకు, మధ్యలో నలిగిన ఇల్లు లోపలి నుంచి కనిపిస్తాయి. 

తెలుగు పాఠకులకు ఈ వాదం కొత్తేం కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి విషయంలో మనమూ ఇదే మాట్లాడుకున్నాం. ఆ కాలానికి అంత ధైర్యం గొప్పదే. అయినా దళితుడి గొంతులో గాంధేయవాదం ఎవరు పెట్టారన్న ప్రశ్న వేసినవాళ్లదీ న్యాయమే. నాకైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటల్లా అనిపించవు. బయటివాడు ఎంత దగ్గరికి వెళ్లగలడో ఇయారుఇంగం చూపిస్తుంది, ఎక్కడ ఆగిపోతాడో కూడా అదే చూపిస్తుంది.

సత్రం అంటే మన సత్రం కాదు

ఇప్పుడు మృత్యుంజయ్‌కి వద్దాం. దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి.

మనకు సత్రం అంటే యాత్రికులకు బస, అన్నదానం. అస్సాంలో సత్ర అంటే వైష్ణవ మఠం. 15, 16 శతాబ్దాల్లో శంకరదేవుడు తెచ్చిన ఏకశరణ ధర్మం నుంచి పుట్టిన వ్యవస్థ అది. ఊళ్లో నామఘర్ ఉంటుంది, భజనకూ పంచాయితీకీ నాటకానికీ అదే చోటు. సత్రకు అధిపతి గోసాయి. ఆయన శిష్యుల ఇళ్లలో మాటకు గురువు, కష్టానికి దిక్కు. జీవహింస వద్దన్నది ఆయన రోజూ చెప్పే పాఠం.

నవలలో తుపాకీ పట్టేది ఆ గోసాయే.

1942, నగావ్ ప్రాంతం. జపాను బర్మాను గెలిచి సరిహద్దు దాకా వచ్చింది. అస్సాం గుండా సైనికుల రైళ్లు అటు పోతున్నాయి. కాంగ్రెస్ నాయకులంతా జైళ్లలో ఉన్నారు. ఊళ్లలో మిలిటరీ దౌర్జన్యం. సుభద్ర అనే అమ్మాయి సైనికుల అత్యాచారానికి గురైంది. మహద గోసాయి, ధన్‌పుర్, రూపనారాయణ్ లాంటి వాళ్లు ఒక గుంపుగా కలిసి మిలిటరీ రైలును పట్టాలు తప్పించాలని నిర్ణయిస్తారు. కొండ దారుల్లో వాళ్లకు డిమి అనే గిరిజన యువతి సాయం చేస్తుంది. నవల నడక అంతా ఆ పని కోసం సిద్ధపడటం, చేయడం, తర్వాత జరిగినదాన్ని మోయడం.

మామూలుగా ఇలాంటి కథలో టెన్షన్ "దొరికిపోతారా లేదా" అన్నదాని చుట్టూ ఉంటుంది. ఇక్కడ దానికన్నా పెద్ద టెన్షన్ గోసాయి తలలో ఉంది. గాంధీ చెప్పింది ఇది కాదు. శంకరదేవుడు చెప్పింది అసలే కాదు. మరి నేను చేస్తున్నది ఏమిటి?

పట్టాల లెక్క: అహింస ఎక్కడ తెగుతుంది?

గోసాయిది ఊహాలోకపు సందేహం కాదు. 1942లో దేశమంతా దీని మీద నిజంగానే తర్జనభర్జన పడింది. మనకు తెలిసిన ఉదాహరణతోనే లెక్క వేసి చూద్దాం.

ఆ ఏడాది జూలై చివర్లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ నుంచి జిల్లాలకు ఒక సర్క్యులర్ వెళ్లింది. బ్రిటిష్ ప్రభుత్వం తర్వాత దాన్ని కాంగ్రెస్ మీద సాక్ష్యంగా వాడుకుంది కూడా. ఉద్యమం ముదిరితే చేయదగిన పనుల్లో టికెట్ లేకుండా ప్రయాణించడం, గొలుసు లాగి రైళ్లు ఆపడం, టెలిగ్రాఫ్ తీగలు తెంచడం ఉన్నాయి. కానీ పట్టాలు తీయకూడదనీ, ప్రాణాలకు ప్రమాదం రాకుండా చూసుకోవాలనీ అందులోనే హెచ్చరించారు.

అంటే గీత తీగకూ పట్టాకూ మధ్య పడింది. తీగ తెగితే వార్త ఆగుతుంది. పట్టా ఊడితే మనిషి చస్తాడు. వినడానికి ఇది స్పష్టంగానే ఉంది. కానీ ఒక్కో మెట్టు దిగి చూడండి. తీగ తెంచినప్పుడు ముందు స్టేషన్‌కు కబురు అందక రెండు రైళ్లు ఢీకొంటే? స్టేషన్ తగలబెట్టినప్పుడు లోపల ఎవరైనా ఉండిపోతే? పట్టాలను కలిపి ఉంచే ఇనుప పలకలు, ఫిష్ ప్లేట్లు, విప్పి, ఎర్ర జెండా పట్టుకుని రైలును ముందే ఆపేస్తే అది హింసా కాదా? ఆపకుండా వదిలేస్తే? లోపల ఉన్నది తెల్ల సైనికులా, మన ఊరి నుంచి కూడు కోసం సైన్యంలో చేరిన కుర్రాళ్లా అన్నది తెలిస్తే లెక్క మారుతుందా?

గాంధీ జైలు నుంచి బయటికి వచ్చాక రహస్య కార్యకలాపాలను, విధ్వంసాన్ని సమర్థించలేదు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లను బయటికి రమ్మన్నారు. జయప్రకాశ్ నారాయణ్, లోహియా లాంటి సోషలిస్టులు మాత్రం నాయకులంతా లోపల ఉన్నప్పుడు జనం చేతులు ముడుచుకుని కూర్చోలేరన్నారు. భట్టాచార్య ఆ రెండో వర్గానికి దగ్గర మనిషి. అయినా నవలలో తీర్పు వాళ్ల వైపు రాసిపెట్టలేదు.

ఎదుటివాడు కాల్చినప్పుడు ఈ లెక్కలన్నీ ఎంత త్వరగా చెదిరిపోతాయో తెనాలికి తెలుసు. 1942 ఆగస్టు 12న అక్కడ రైల్వే స్టేషన్ తగలబడింది, కాల్పుల్లో ఏడుగురు పోయారు. అస్సాంలో ఆ సెప్టెంబరు 20న గోహ్‌పుర్‌లో జెండా పట్టుకుని ఠాణా వైపు నడిచిన కనక్‌లతా బరువాను కాల్చేశారు. ఆమెకు పదిహేడేళ్లు. అక్టోబరులో సరుపథార్ దగ్గర మిలిటరీ రైలు నిజంగానే పట్టాలు తప్పింది. దానికి బాధ్యుడని కుశల్ కోంవర్‌ను 1943 జూన్ 15న జోర్హాట్ జైల్లో ఉరి తీశారు. ఆయన స్థానిక కాంగ్రెస్ నాయకుడు, గాంధేయవాది. ఆ పనితో ఆయనకు సంబంధం లేదన్నది అస్సాంలో గట్టిగా ఉన్న అభిప్రాయం. పట్టా తీయని మనిషికి ఉరి పడింది.

ఇదంతా తెలిసి చదివితే మృత్యుంజయ్ అన్న పేరు సూటిగా వినిపించదు. మృత్యువును గెలిచినవాడు ఎవరు? చావుకు భయపడనివాడా? చంపడానికి వెనకాడనివాడా? చంపాక కూడా లోపల మనిషిగా మిగిలినవాడా? హింసను కీర్తించిన నవల అని దీన్ని అనేవాళ్లున్నారు. చేసిన పని తాలూకు బరువు అంత వివరంగా రాసినది కీర్తన ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. నా మొగ్గు రెండో వైపు. అయితే మొదటి వాదాన్ని పూర్తిగా తోసేయలేం. రచయిత ఎంత సందేహం రాసినా, రైలు పడిపోయే ఘట్టంలో పాఠకుడి గుండె గోసాయి పక్షానే కొట్టుకుంటుంది. అది కథకు ఉండే బలమో, బలహీనతో.

రాసిన వరసలో చదివితే

మనం సాధారణంగా పురస్కారాల వరసలో చదువుతాం. జ్ఞానపీఠ్ పెద్దది కాబట్టి మృత్యుంజయ్ ముందు, వీలైతే తర్వాత ఇంకోటి. రాసిన వరస దీనికి తలకిందులు.

1960లో రాసిన నవలలో తుపాకీ భారత ప్రభుత్వం మీద ఎక్కుపెట్టి ఉంది, పట్టుకున్నవాడు నాగా. 1970లో రాసిన నవలలో తుపాకీ బ్రిటిష్ ప్రభుత్వం మీద ఉంది, పట్టుకున్నవాడు అస్సామీ వైష్ణవ గురువు. మొదటివాడిని మనం తిరుగుబాటుదారు అంటాం, రెండోవాడిని అమరుడు అంటాం. ఇద్దరూ చెప్పే కారణాలు పక్కపక్కన పెడితే చాలా దగ్గరగా ఉంటాయి: మా నేల, మా ఆడవాళ్ల మానం, మమ్మల్ని అడగని పాలన.

ఇంకో సంగతి. నాగా కథలో రచయిత అహింస వైపు నిలబడ్డారు. అస్సామీ కథలో తుపాకీ పట్టినవాడి తలలోకి వెళ్లి కూర్చున్నారు. నాగాకు గాంధీని ఇచ్చి, అస్సామీకి గాంధీతో గొడవపడే స్వేచ్ఛ ఇచ్చారా? ఆయన్ను తప్పుపట్టేవాళ్లకు ఇదే బలమైన ఆధారం. సమర్థించేవాళ్లు కాలాన్ని చూపిస్తారు. 1967లో నక్సల్బరీ, వెంటనే శ్రీకాకుళం. 1970 నాటికి ఆయుధం పట్టిన యువకుల గురించి దేశమంతా మాట్లాడుతోంది. 1960లో తేలికగా చెప్పగలిగిన జవాబు పదేళ్లకు ఆయనకే చాలలేదు, అందుకే రెండో నవలలో జవాబు తగ్గి సందేహం పెరిగిందని వాళ్ల మాట. ఈ రెండో వివరణ నాకు ఎక్కువ నప్పినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆయన ఈ దారి వదల్లేదు. 1939 నాటి డిగ్‌బోయ్ చమురు కార్మికుల సమ్మె మీద 'ప్రతిపద్' రాశారు, బంగ్లాదేశ్ విముక్తి పోరాటం మీద ఇంకో నవల రాశారు. ప్రతిసారీ జనం ఒకవైపు, అధికారం ఒకవైపు.

1979 అనే ఏడాది

పట్టికలో గడి దగ్గరికి మళ్లీ వెళ్దాం. మృత్యుంజయ్‌కి జ్ఞానపీఠ్ 1979 సంవత్సరానికి. ఆ ఏడాదే అస్సాంలో విదేశీయుల ఓట్ల గొడవ ఉద్యమంగా మారింది. ఆ ఏప్రిల్ 7న శివసాగర్‌లోని రంగ్ ఘర్ దగ్గర ఉల్ఫా పుట్టింది, స్వతంత్ర అస్సాం కోసం ఆయుధం పట్టిన సంస్థ అది. నాలుగేళ్లకు, 1983 ఫిబ్రవరి 18న, బెంగాలీ మూలాలున్న ముస్లింల మీద నెల్లీ మారణకాండ జరిగింది. ఒక్క పూటలో చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలోనే రెండు వేల దాకా ఉన్నారు. నెల్లీ అప్పట్లో నగావ్ జిల్లాలోనే ఉండేది. గోసాయి రైలు పడగొట్టడానికి ముందు రాత్రులు రాత్రులు తనను తాను ప్రశ్నించుకున్న నేల అదే.

విదేశీయుల మీద ఉద్యమం కేంద్రంతో కుదిరిన 1985 అస్సాం ఒప్పందంతో ఆగింది, ఉల్ఫా ఆగలేదు. భట్టాచార్య 1988 నుంచి 1993 దాకా కేంద్ర సాహిత్య అకాడమీ అధ్యక్షులుగా ఉన్నారు. గోకాక్ తర్వాత, అనంతమూర్తికి ముందు. నెహ్రూ, రాధాకృష్ణన్ కూర్చున్న ఆ కుర్చీలో టీ తోటలో పుట్టిన మనిషి కూర్చునే సమయానికి ఆయన సొంత రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు సైనిక గాలింపులు చూస్తున్నాయి. 1958లో నాగా కొండల కోసమని తెచ్చిన ఆ ప్రత్యేక అధికారాల చట్టం 1990లో అస్సాం మైదానంలోకి దిగింది.

1997 ఆగస్టు 1న భారత ప్రభుత్వానికీ, ఐజాక్–ముయివా నాయకత్వంలోని నాగా సంస్థకూ మధ్య కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ముయివాది ఉఖ్రుల్ ప్రాంతమే, తాంగ్‌ఖుల్ నాగా. ఐదు రోజుల తర్వాత, ఆగస్టు 6న, భట్టాచార్య కన్నుమూశారు.

ఇయారుఇంగంను ఇంగ్లీషులోకి ఆయనే అనువదించి పెట్టుకున్నారు. అది 2005లో, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు అచ్చయింది. అట్ట మీద తాంగ్‌ఖుల్ మాట లేదు. దాని స్థానంలో ఉన్న పేరు 'లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ ఇన్సర్జెన్సీ'. 1960లో ప్రజల పాలన అని పిలిచిన పుస్తకం, 2005లో తిరుగుబాటు కాలంలో ప్రేమ అయింది.